మున్నీ మెరూన్

జానీ బాషా తెనాలిలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు. మార్కెట్టు వెనక సందులో రెండు మిషన్లు పట్టే చిన్న కొట్టు అతనిది. పెళ్ళిళ్ళ రోజుల్లో అంగలకుదురు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డలు తెచ్చి అతని ముందు కుప్ప పోసేవారు. "మెడ మటుకు మొన్న మా వదినకి పెట్టినట్టు పెట్టు జానీ" అనేవారు. అతను తల ఊపేవాడు. మాట తక్కువ మనిషి. ఎవరినీ టేపుతో కొలవడం ఇష్టం లేక ఆది జాకెట్టు తెచ్చుకోమనేవాడు. ఆ ఆది జాకెట్టులో ఉన్న తప్పు కూడా సరిచేసి కుట్టేవాడు.

భార్య మున్నీసా ఇంట్లో కూర్చుని ఆ జాకెట్లకి హుక్కులు, చేతికుట్లు వేసేది. ఆమెకి గోళ్ళరంగంటే మహా ఇష్టం. గోరు మీద రంగు ఉంటే నీళ్ళు గోటికి తగలవు, నమాజుకి ముందు చేసే వజూ కుదరదు. అందుకని నెలలో నమాజు లేని నాలుగు రోజులే ఆమెకి రంగు పండగ. భార్యకి కొత్త చీర కొన్నప్పుడల్లా జానీ బాషా జాకెట్టు కుట్టగా మిగిలిన పీలిక జేబులో పెట్టుకుని ఫ్యాన్సీ షాపుకి వెళ్ళేవాడు. పీలికని సీసాల పక్కన పెట్టి చూసి, సరిగ్గా దానికి కలిసే రంగు తెచ్చేవాడు. ఎడమచేతి గోళ్ళకి మున్నీసా తనే వేసుకునేది. కుడిచేతికి వేసుకోబోతే వేలంతా అంటుకునేది. జానీ బాషా చూసి నవ్వి, "ఇలా తే" అని ఆమె చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని వేసేవాడు. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, రంగు గోరు అంచు దాటేది కాదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఆలియా పక్కన కూర్చుని, "అబ్బా, నాకూ" అని తండ్రి వైపు చెయ్యి చాపేది.

నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం జానీ బాషా కొట్లోనే మిషను మీద తల వాల్చాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. పోయాడు.

అప్పటికి ఆలియా ఫ్యాషన్ డిజైనింగ్‌లో చేరి నెలైనా కాలేదు. గుంటూరు తీసుకెళ్ళి కాలేజీలో చేర్పించింది తండ్రే. "మనం ఊరికి కుట్టాం. నువ్వు దేశానికి కుట్టు" అన్నాడట బస్సులో. కొట్టు ఖాళీ చేసి మున్నీసా ఒక మిషను ఇంటికి తెచ్చుకుంది. చీరలకి ఫాల్స్ కుట్టి, జాకెట్లు కుట్టి, కూతురి చదువు ఆగకుండా చూసింది. ఇద్దరూ ఒకే కంచంలో తినే తల్లీకూతుళ్ళు. పిల్ల బొమ్మలు గీస్తే తల్లి కాగితాలు కత్తిరించేది.

బట్టలకి ఒక కాలం ఉంటుందని మున్నీసాకి తెలుసు. పెళ్ళిళ్ళకొక తీరు, పండగలకొక తీరు. గోళ్ళరంగుకి కూడా సీజను ఉంటుందని మాత్రం ఆలియా చెబితేనే తెలిసింది. ఏడాదికి రెండుసార్లు, వేసవికొకసారి, చలికాలానికొకసారి డిజైనర్లు కొత్త బట్టలు కుట్టి, మోడల్ పిల్లలకి వేసి ర్యాంపు మీద నడిపిస్తారట. ఆ బట్టలతోపాటే ఈ సీజను గోళ్ళరంగు ఫలానాది అని తేల్చేస్తారట. పోయిన ఏడాది అంతా లేత గులాబీ, తేనె రంగు. ఈసారి ముదురు రంగులట.

"ఎవరు తేలుస్తారు?" అని అడిగింది మున్నీసా.

"ఎవరో తేలుస్తారమ్మీ. మనం అందుకోవాలి అంతే."

ఆలియా అందుకోవాలని చాలా ప్రయత్నించింది. చదువయ్యాక విజయవాడలో ఒక పోటీకి, హైదరాబాదులో ఇంకో పోటీకి బట్టలు కుట్టి పట్టుకెళ్ళింది. రెండు చోట్లా చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చి సంచి కూడా విప్పకుండా గోడవైపు తిరిగి పడుకునేది. మున్నీసా పక్కన కూర్చుని తల నిమిరేది.

మూడో అవకాశం బాపట్లలో వచ్చింది. సూర్యలంక సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో వేసవి బట్టల షో. కొత్త డిజైనర్లు ఐదుగురిని తీసుకున్నారు, అందులో ఆలియా ఒకతి. గోళ్ళరంగులు తయారుచేసే కంపెనీ ఒకటి ఆ షోకి డబ్బు పెడుతోంది. గెలిచిన వాళ్ళ బట్టల్లోంచే ఆ కంపెనీ ఈ సీజను రంగు తీసుకుంటుంది, ఉద్యోగం కూడా ఇస్తుంది. షో నడిపించే ఆవిడ పేరు ఝాన్సీలక్ష్మి. నలభై దాటిన మనిషి. ఆలియా ఆవిడ దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్ళొచ్చింది. వచ్చిన ప్రతిసారీ ముఖం ఒక్కోలా ఉండేది. చివరిసారి వచ్చినప్పుడు మటుకు తేలిగ్గా ఉంది.

"నువ్వూ రావాలమ్మీ, ముందు వరసలో కూర్చోవాలి" అంది. మున్నీసా పొంగిపోయింది.

ఇద్దరూ పొద్దున్నే రైలెక్కి బాపట్లలో దిగి, సూర్యలంక ఆటో మాట్లాడుకున్నారు. రిసార్టులో మేకప్ గదిలో మోడల్ పిల్లలు బారుగా కూర్చుని ఉన్నారు. ఆలియా తల్లిని కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక అమ్మాయి వచ్చి ఆమె గోళ్ళకి రంగు వేయడం మొదలుపెట్టింది. ముదురు మెరూన్. బాగా ఎండిన పండుమిరపకాయ రంగు.

"నాకెందుకే ఇప్పుడు? సాయంత్రం నమాజు సంగతేంటి?" అంది మున్నీసా.

"ఇంటికెళ్ళాక తీసేసి చదువుకుందువుగాని. ఈ ఒక్కరోజు నా కోసం అమ్మీ."

భర్త పోయాక ఆమె గోళ్ళకి రంగు పడటం అదే మొదటిసారి. ఆ అమ్మాయి చెయ్యి కూడా అంచు దాటలేదు. మున్నీసాకి కళ్ళు చెమర్చాయి. అద్దంలో ఆలియా అది చూసి చూపు తిప్పుకుంది. సంతోషం పట్టలేకపోతోందనుకుంది తల్లి.

ఎండ తగ్గాక షో మొదలైంది. ఆలియా వంతు చివర. మొదట ఒక పిల్ల తెల్లటి బట్టల్లో వచ్చింది, గోళ్ళకి రంగు లేదు. రెండో పిల్ల బట్టల అంచున సన్నటి మెరూన్ గీత, చేతికి ఒక్క చిటికెనవేలికే రంగు. మూడో పిల్ల, నాలుగో పిల్ల వచ్చేసరికి బట్టల్లో మెరూన్ పెరిగింది, వేళ్ళ మీద కూడా పెరిగింది. ఐదో పిల్ల నిలువునా మెరూన్‌లో, పది గోళ్ళకీ రంగుతో వచ్చి నిలబడింది. ఆ మెడ కత్తిరింపు, భుజం దగ్గర ఆ వాలు చూడగానే మున్నీసా పోల్చుకుంది. అది జానీ బాషా చెయ్యి. పిల్ల తండ్రిని మర్చిపోలేదు అనుకుంది.

అప్పుడు మైకులో ఆలియా గొంతు వినిపించింది.

"మా అమ్మకి గోళ్ళరంగంటే ప్రాణం. మా నాన్న వేసుకోనిచ్చేవాడు కాదు. ఆయన కొట్టుకెళ్ళాక తలుపేసుకుని వేసుకునేది. ఆయన వచ్చే వేళకి బ్లేడుతో గీకేసేది. ఒకరోజు చిటికెనవేలి మీద ఒక్క చుక్క మిగిలిపోయింది. ఆ రోజు ఏం జరిగిందో నేను చెప్పను. పాతికేళ్ళ కాపురంలో మా అమ్మ దాచుకున్న రంగు ఇది."

ఇంట్లో ఎప్పుడూ 'అబ్బా' అనే పిల్ల 'మా నాన్న' అంటుంటే, ఎవరి గురించో చెబుతోందనుకుంది మున్నీసా. స్టేజి దీపం తన వైపు తిరిగి ముఖం మీద పడ్డాక గాని అర్థం కాలేదు. చుట్టూ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తింది. పది గోళ్ళూ అందరికీ కనిపించాయి. ఆమె చెయ్యి లాక్కోలేదు. లాక్కోవాలని తోచలేదు.

ఆలియాకే మొదటి బహుమతి వచ్చింది.

తిరుగు రైలు కోసం బాపట్ల స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నారు. మున్నీసా రెండు చేతులూ బురఖాలో దాచుకుంది.

"ఏంటి ఆలియా అది?"

"కథ అమ్మీ. కథ లేకపోతే తీసుకోరు."

"మీ అబ్బా ఎప్పుడన్నా నా మీద చెయ్యెత్తాడా?"

"లేదు."

"రంగు వద్దన్నాడా?"

ఆలియా తల వంచుకుని చెప్పింది. "మొదట నిజమే రాసిచ్చానమ్మీ. మా అబ్బా టైలరు, ఆయన దగ్గర నేర్చుకున్నానని. ఝాన్సీ మేడమ్ చదివి, ఈ ఏడాది అందరి నాన్నలూ టైలర్లేనమ్మా అంది. ఐదుగురిలో ముగ్గురు అదే రాశారంట. తర్వాత నా పేరు చూసి, మీ ఇంట్లో ఆంక్షలు ఏమన్నా ఉండేవా అని అడిగింది. లేవండి అంటే కాగితాలు సర్దుకుంది. ఉండేవండి అనగానే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నేనేం చెయ్యను? రెండుసార్లు తిరిగొచ్చా."

"అందుకని ఆయన్ని అమ్ముకున్నావా?"

"ఆయన లేరు కదమ్మీ. ఆయనకేం తగులుద్ది?"

రైల్లో కూతురు భుజం మీద తల వాల్చబోతే మున్నీసా కిటికీ వైపు జరిగింది. ఇంటికొచ్చాక, రంగు తుడిచే మందు ఇంట్లో లేక, బ్లేడు తీసి గోళ్ళు గీక్కుంది. గీక్కుంటూ, తనేం చేస్తోందో అప్పుడు తెలిసి బ్లేడు కింద పడేసింది.

షో వీడియో రెండు రోజుల్లో ఊరంతా తిరిగింది. పక్కింటి కమలమ్మ మిషనరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇరుగుపొరుగు. జానీ బాషా కుట్టిన జాకెట్టు తప్ప వేసుకునేది కాదు. ఆవిడ ఫోను పట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడైనా మండిపడుతుందని మున్నీసా ఎదురుచూసింది.

"నాతో ఒక్కసారన్నా చెప్పుకోలేదేంటి మున్నీసా?" అంది కమలమ్మ.

"అందులో ఒక్క ముక్క నిజం లేదు టీచరుగారూ. మీకు తెలియని మనిషా ఆయన?"

"గుమ్మం బయట ఎరుగుదుం. గుమ్మం లోపల సంగతి ఎవరికి తెలుసు తల్లీ. పిల్ల ఊరికే చెబుద్దా?"

వెళ్తూ వెళ్తూ ఆవిడ మున్నీసా చిటికెనవేలు పట్టుకుని చూసింది. మున్నీసా మనసు ఆ రోజుతో సగం విరిగింది.

ఆ వారంలోనే రేపల్లె నుంచి ఇమ్తియాజ్ వచ్చాడు. జానీ బాషాకి ఒక్కడే తమ్ముడు. అన్నే పెంచాడు, అన్నే పని నేర్పాడు, రేపల్లెలో స్టేషను దగ్గర టైలరింగ్ కొట్టు పెట్టించాడు, ఆ కొట్టు బోర్డు మీద అన్న పేరే ఉంటుంది. కూతురు ఆఫ్రీన్‌కి పెళ్ళి కుదిరి ఉంది. వచ్చినవాడు మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"భాభీ, ఆ చిటికెనవేలి సంగతి నిజమేనా?"

"నువ్వు కూడా అడుగుతున్నావా ఇమ్తియాజ్?"

"నేను అడగట్లేదు. అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో అడుగుతున్నా. ఆఫ్రీన్ అత్తగారు ఫోన్ చేశారు. మీ ఇంట్లో మగాళ్ళు అలాంటోళ్ళా అన్నారు."

"అబద్ధం అని చెప్పు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు, తమ్ముణ్ణి కదా. మీరు చెప్పాలి. ఆ పిల్ల ఎక్కడ చెప్పిందో అంత గట్టిగా చెప్పాలి."

"చెబుతాను" అంది మున్నీసా.

ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. దారి ఆలియానే తెచ్చింది. కంపెనీవాళ్ళు ఆ మెరూన్‌ని ఈ సీజను రంగుగా తీసుకున్నారు. దానికి మున్నీసా పేరే పెడుతున్నారు. ప్రకటనలో ఆమె కూర్చుని రెండు మాటలు మాట్లాడాలి. ఒప్పుకోదేమోనని భయపడుతూ అడిగింది ఆలియా. మున్నీసా వెంటనే సరేనంది. ఆలియా తల్లిని వాటేసుకుంది. మున్నీసా చేతులు కదలలేదు.

ఝాన్సీలక్ష్మి కెమెరా మనుషుల్ని వెంటబెట్టుకుని తెనాలి వచ్చింది. మిషను ఉన్న గదిలోనే కూర్చోబెట్టారు. మున్నీసా గోళ్ళకి మళ్ళీ అదే రంగు వేశారు. ఝాన్సీలక్ష్మి చెడ్డ మనిషిలా లేదు. "భయపడకండక్కా, మీ ఇంట్లో మీరు మాట్లాడినట్టే మాట్లాడండి" అంది.

మున్నీసా మాట్లాడింది. తన జీవితంలో అంతసేపు ఒక్కబిగిన ఎన్నడూ మాట్లాడలేదు. జేబులో గుడ్డ పీలిక సంగతి చెప్పింది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని రంగు వేసిన సంగతి చెప్పింది. ఒకసారి రంగు ఆరకముందే ఆమె పప్పు తాలింపుకి లేవబోతే, కూర్చోమని ఆయనే తాలింపు పెట్టి, ఆవాలు మాడ్చి, ఇద్దరూ నవ్వుకున్న సంగతి చెప్పింది. "నా మొగుడు బంగారం అండి. నా కూతురు చెప్పింది అబద్ధం. పిల్ల ఆశపడి చెప్పింది. దాన్నేం అనకండి. ఆయన్ని కూడా ఏం అనకండి" అంది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఝాన్సీలక్ష్మి కూడా కళ్ళు తుడుచుకుంది.

"చాలా బాగా చెప్పారక్కా. ఇట్లాంటిది మాకు ఎప్పుడూ దొరకలేదు" అంది.

గుమ్మంలో నిలబడ్డ ఆలియా ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రం మున్నీసా ఇమ్తియాజ్‌కి ఫోన్ చేసింది. "చెప్పేశాను. అందరూ చూస్తారు. ఆఫ్రీన్ అత్తగారికి కూడా చెప్పు, చూడమని" అంది. చాలా రోజుల తర్వాత ఆ పూటే ఆమె కడుపునిండా అన్నం తింది.

ఎండలు ముదిరేసరికి ప్రకటన వచ్చింది. ఆలియా ఇంట్లో లేనప్పుడు కమలమ్మే ఫోనులో చూపించింది. తెర మీద మున్నీసా ముఖం. పెదవులు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. కింద ఏదో సన్నటి సంగీతం. కన్నీళ్ళు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి. మున్నీసా చెయ్యెత్తి కళ్ళు తుడుచుకుంటుంటే గోళ్ళు మెరిశాయి. పైనుంచి ఆలియా గొంతు. అదే కథ, తలుపేసుకున్న కథ, బ్లేడు కథ. చివర సీసా కనిపించింది. మున్నీ మెరూన్. ఇక దాచుకోనక్కర్లేదు, అని దాని కింద రాసి ఉంది.

ఆవాలు మాడిన సంగతి చెబుతూ ఏడ్చిన ఏడుపు అది. చూసేవాళ్ళకి దెబ్బలు తిన్న ఏడుపు అయిపోయింది.

ఆలియా వచ్చేదాకా మున్నీసా గుమ్మంలోనే కూర్చుంది.

"నేను చెప్పిందేది?"

"అంత పొడుగు పెట్టరమ్మీ. ఎడిటింగ్‌లో తీసేశారు."

"నీకు ముందే తెలుసా?"

"చూపించారు."

"చూసి?"

"నా ఉద్యోగం కాగితాలు కూడా అప్పుడే ఇచ్చారు." ఆలియా చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడింది. "నువ్వు చెప్పింది పెడితే నేను అబద్ధాలకోరునని ఊరంతా అంటారు. నాకింక ఎవరూ పని ఇవ్వరు. బతికున్నది నేనమ్మీ. నన్ను చూడు. సీజను అయిపోతే అందరూ మర్చిపోతారు. రంగులే గుర్తుండవు, మనుషులేం గుర్తుంటారు?"

మున్నీసా ఝాన్సీలక్ష్మికి ఫోన్ చేసింది. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "మీరు చెప్పింది నేను నమ్మానక్కా. కానీ భార్యకి రంగు తెచ్చిచ్చిన మొగుడి కథలో ఆడవాళ్ళు కొనుక్కోవాల్సింది ఏముంది చెప్పండి? నా చేతిలో కూడా లేదు" అంది. మున్నీసా ఫోన్ పెట్టేసింది.

తెనాలిలో ప్రతి ఫ్యాన్సీ షాపు అద్దం మీదా ఆ బొమ్మ అంటించారు. ఒకప్పుడు జానీ బాషా పీలిక పట్టుకుని వెళ్ళిన షాపుకి కూడా అంటించారు. షాపాయన ఆమెని చూసి, "మీ వల్ల నాకు ఈ సీజను గిరాకీ బాగుందమ్మా" అని కుర్చీ వేశాడు. కాలేజీ పిల్లలు ఆ సీసా కొనుక్కుని చేతులు చాపి ఫోటోలు దిగుతున్నారు. మున్నీసా బజారుకి వెళ్ళడం తగ్గించింది.

ఆఫ్రీన్ పెళ్ళికి పిలుపు వస్తుందో రాదో అనుకుంది. ఇమ్తియాజ్ ఫోన్లో రెండే మాటలు చెప్పాడు, పెళ్ళి ఫలానా రోజు అని. ఆలియా ఊసెత్తలేదు. అప్పటికే ఆలియా ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయింది. మున్నీసా ఒక్కతే రేపల్లె రైలెక్కింది.

పెళ్ళింట్లో ఆడవాళ్ళ వైపు ఆమెని చూడగానే మాటలు ఆగాయి. తర్వాత అందరూ చోటిచ్చారు. అంత మర్యాద ఆమెకి ఎప్పుడూ జరగలేదు. పెళ్ళికొడుకు మేనత్త ఆమె పక్కన చేరి, వీపు నిమురుతూ, "అంత కఠినంగా ఉండేవారా మీ ఆయన? ఎలా భరించారమ్మా?" అంది.

"అది అబద్ధమండి. ఆయన ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనలేదు."

ఆవిడ పక్కవాళ్ళ వైపు తిరిగింది. "చూశారా, పోయినా ఆయన పరువే కాపాడుతోంది. ఇట్లాంటి ఆడదాన్నా ఆయన ఏడిపించింది."

"నేను నిజం చెబుతున్నానండి."

"అవునమ్మా, అవును" అన్నారు అందరూ. ఒకావిడ కళ్ళొత్తుకుంది. మున్నీసా ఎంత గట్టిగా కాదంటే వాళ్ళు అంత గట్టిగా నమ్మారు. ఇంక మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోతే దానికి కూడా తలలు ఊపారు.

భోజనాలయ్యాక ఇమ్తియాజ్ ఆమెని పెరటి వైపు పిలిచాడు. ఆ కొద్ది నెలల్లోనే గడ్డం నెరిసింది అతనికి.

"మీరు చెప్పారనే నమ్ముతున్నా భాభీ. కానీ ఊరు చూసింది అది కాదుగా. ఈ సంబంధం నిలబెట్టుకోవడానికి నేనొక మాట అనాల్సొచ్చింది."

"ఏమన్నావు?"

అతను చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. "అన్నకీ నాకూ ముందునుంచీ పొత్తు లేదన్నాను. అన్న తీరు నాకు నచ్చేది కాదన్నాను. అట్లా అంటేగాని ఒప్పుకోలేదు వాళ్ళు."

మున్నీసా అతని ముఖంలోకి చూసింది. అన్న భుజం మీద నిద్రపోయిన పిల్లాడు, అన్న కంచంలో చెయ్యి పెట్టి పెరిగిన పిల్లాడు.

"ఇక మీరు ఇక్కడికి ఎక్కువ రాకండి భాభీ. మీరు కనబడితే మళ్ళీ ఆ మాటే లేస్తుంది. డబ్బో, మందో, ఏదన్నా అవసరమైతే నేనే తెనాలి వస్తా."

"పిల్లని బాగా చూసుకోమను" అంది మున్నీసా. పెళ్ళికూతుర్ని మళ్ళీ చూడకుండానే స్టేషనుకి నడిచింది. రైలు కదులుతుంటే ఇమ్తియాజ్ కొట్టు కనిపించింది. బోర్డు మీద అన్న పేరు చెరిపేసి కొత్తగా రంగు వేశారు.

ఆలియా చెప్పినట్టే సీజను అయిపోయింది. వానలు పడేసరికి షాపుల మీద బొమ్మలు నాని ఊడిపోయాయి. కొత్త బొమ్మలు అంటించారు, ఆకుపచ్చ గోళ్ళు. ఫ్యాన్సీ షాపాయన మిగిలిన మెరూన్ సీసాలు బుట్టలో పోసి సగం ధరకి అమ్మాడు. కాలేజీ పిల్లలు నిజంగానే మర్చిపోయారు. మర్చిపోనిది కమలమ్మ. ఆవిడ పండగకి జాకెట్టు గుడ్డ తెచ్చి, ఇవ్వబోయి, "వద్దులే, నీకెందుకు శ్రమ" అని తీసుకెళ్ళిపోయింది. రేపల్లె మర్చిపోలేదు. జానీ బాషా చనిపోయిన రోజున ఏటేటా ఆయన పేర చదివించే ఫాతెహాకి వచ్చే చుట్టాలు ఈసారి ఎవరూ రాలేదు. మున్నీసా ఒక్కతే వండి, ఒక్కతే దువా చేసి, గిన్నెడు బిర్యానీ మసీదు దగ్గర పంచి వచ్చింది.

ఆలియా వారానికోసారి ఫోన్ చేసేది. మున్నీసా తీసేది. తిన్నావా అంటే తిన్నాననేది, బాగున్నావా అంటే బాగున్నాననేది. డబ్బు పంపితే ముట్టుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆలియా ఫోన్ చేసింది. గొంతులో హుషారుంది.

"అమ్మీ, చలికాలం కలెక్షను నాకే ఇచ్చారు. ఈసారి అమ్మమ్మల కథలు కావాలంట. నానీ గురించి నాకు సరిగ్గా తెలీదు. పెనుమూడిలో ఉండేదిగా? ఈసారి అబద్ధం వద్దమ్మీ. ఒట్టు. నువ్వు ఏది చెబితే అదే పెడతాను, ఒక్క ముక్క మార్చను. నానీ పడిన కష్టం ఏదన్నా చెప్పు."

మున్నీసాకి చప్పున గుర్తొచ్చింది. తన చిన్నప్పటి మాట, పెనుమూడి దగ్గర వంతెన లేని రోజులు. కృష్ణ పొంగి ఉంది. రెండేళ్ళ తమ్ముడికి జ్వరం, కళ్ళు తేలేస్తున్నాడు. అవతలి ఒడ్డున డాక్టరున్నాడు. అమ్మ పిల్లాణ్ణి భుజాన వేసుకుని రేవులో నిలబడి పడవ తియ్యమని అందరి కాళ్ళూ పట్టుకుంది. ఎవరూ తియ్యలేదు. మున్నీసా అమ్మ కొంగు పట్టుకుని వానలో తడుస్తూ నిలబడింది. చీకటి పడకముందే భుజం మీద పిల్లాడు బరువెక్కిపోయాడు. అమ్మ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ రేవు వైపు వెళ్ళలేదు, ఆ పిల్లాడి పేరు పలకలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మున్నీసా ఒక్కతే. జానీ బాషాకి చెప్పింది, ఒకేసారి. అతను రాత్రంతా ఆమె చెయ్యి వదల్లేదు.

"అమ్మీ, వింటున్నావా? నానీకి ఏం కష్టాలుండేవి?"

"ఏం లేవు" అంది మున్నీసా. "మీ నానీ హాయిగా బతికింది. హాయిగా పోయింది."

"ఏదో ఒకటి ఉంటది కదమ్మీ."

"ఏమీ లేదు" అని ఫోన్ పెట్టేసి, వజూ చేసుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది.